పటిక మామ పరీక్ష

సెలూన్‌లో ఆయన అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. అందరికీ పటిక మామే. ఎవరి గడ్డమైనా కాస్త తెగితే పటిక బిళ్లను తడిపి రుద్దేవాడు. ఒక జోకు పూర్తయ్యేలోపు నెత్తురు ఆగిపోయేది. జోకుకు ఎవరూ నవ్వకపోయినా నెత్తురు మాత్రం ఆయన మాట కాదనేది కాదు. ఇంట్లో ఆ మాత్రం మాట వినేవాళ్లు లేరు కనుక దాని మీద ఆయనకు ప్రత్యేకమైన అభిమానం.

రోజంతా కుర్చీ పక్కన నిలబడే ఆ మనిషికి ఒకనాడు ఎడమ పిక్క బండలా వాచింది. కాలి లోపలి నరంలో రక్తం గడ్డకట్టిందని డాక్టరమ్మ తేల్చింది. గాయమే లేనిచోట గడ్డేమిటని మామ అడిగాడు. తెగినచోట గడ్డకట్టడం రక్తం చేసే ఉద్యోగమనీ, తెగనిచోట కట్టడం అది చూపించే పెత్తనమనీ ఆవిడ చెప్పింది. గడ్డ పెరగకుండా మాత్ర కాపలా కాస్తుంది, ఉన్నదాన్ని ఒళ్లే మెల్లగా కరిగించుకుంటుంది, మాత్ర మానేస్తే మాత్రం ముక్క ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి తెస్తుంది అంది. అందరి తలలూ కదలకుండా పట్టుకునే మామ, తన తలను మాత్రం ధారాళంగా ఊపాడు.

వారం తిరక్కుండానే పరువు పోయింది. సెలూన్ అద్దం ముందు సొంత గడ్డం గీసుకుంటుంటే చిన్న గాటు పడింది. పటిక రుద్దాడు. ఒక జోకు అయింది, రెండయ్యాయి, ఉన్న జోకులన్నీ అయిపోయాయి. నెత్తురు ఆగలేదు. బెంచీ మీదున్న లెక్కల మాస్టారు పేపరు మడిచి, "నాకివాళ వద్దులే మామా, గడ్డం పెంచుదామనుకుంటున్నా" అని లేచి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి మామ మాత్రను బుగ్గలో దాచడం మొదలుపెట్టాడు. బుగ్గలో ఎంత చోటుంటుందో ఆయన కంటే ఎవరికి తెలుసు? భార్య నీళ్లిచ్చి ఎదురుగా నిలబడేది. ఆయన గుటక వేసి, సెలూన్‌కొచ్చి పటిక డబ్బాలో ఉమ్మేవాడు. అలాగని శాస్త్రాన్ని వదిలేసే మనిషి కాదు. రోజూ పొద్దున్నే ముంజేతి మీద కత్తితో సన్నని గీత పెట్టి గోడ గడియారం చూసేవాడు. మొదటిరోజు తొమ్మిది నిమిషాలు పట్టింది. నాలుగో రోజుకు మూడు. రోగం తిరుగుముఖం పట్టిందని ఇంట్లో ప్రకటించాడు. పిక్క మళ్లీ వాస్తోంది గానీ, అది పరీక్షలో లేదు కాబట్టి లెక్కలోకి రాలేదు.

ఆదివారాలు సెలూన్ సామాను కడిగేది కూతురు. పదో తరగతి. నోట్లో నాలుక లేని పిల్లని బెంచీ మీద వాళ్లంతా మూగపిల్ల అనేవారు. ఆ వారం ఆమె పటిక డబ్బా మూత తీసి, సగం కరిగి అడుగున అంటుకున్న ఆరు మాత్రల్ని చూసింది. తండ్రి ముంజేయి చూసింది. దాని మీద స్కేలు గీతల్లా ఆరు గాట్లు. ఏమిటే అన్నాడు మామ. ఏం లేదని తల ఊపి, మడిచిన తువ్వాళ్లే విప్పి మళ్లీ మడిచింది. మూడోసారి మడిచాక అడిగింది.

"నాన్నా, చేతిమీద ఆగిపోతే కాల్లో కరిగిపోయినట్టేనా?"

"నువ్వు నెత్తుర్ని పుస్తకంలో చూశావు. నేను ముప్పై ఏళ్లుగా గడ్డాల మీద చూస్తున్నాను."

"బయటికొచ్చింది చూశావు. లోపల ఆగిపోయింది ఎప్పుడు చూశావు?"

ఆ పిల్ల ఒకేసారి అన్ని మాటలు అనడం మామ ఎరగడు. కుర్చీ ఎత్తు సరిచేయడానికి వంగాడు. లేచేసరికి ఊపిరి అందలేదు. గుండెలో పొడిచినట్టయి గుమ్మం పట్టుకున్నాడు. మూగపిల్ల వీధిలోకి పరుగెత్తి, వీధంతా వినేలా కేకేసి బండి పిలిచింది.

ఆసుపత్రిలో నర్సు మొదట రక్తం తీసి దూది అద్దింది. నిమిషం తర్వాత దూది తీసి చూస్తే చుక్క లేదు. మామ ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపి మరీ అన్నాడు.

"చూశారా, ఎంత తొందరగా ఆగిందో?"

"చూశాను" అంది నర్సు. "ఆ తొందరే మీ ఊపిరితిత్తుల్లో కూర్చుంది. గొట్టం పెట్టుకోండి."

ఎనిమిదో రోజు ఇంటికి పంపారు. ఇకమీదట గాటు పడితే పదినిమిషాలు నొక్కి పట్టుకోవాలి, మాత్ర మాత్రం మానకూడదు. నీళ్లగ్లాసు ఈసారి భార్య చేతిలో లేదు, కూతురి చేతిలో ఉంది. మామ మాత్ర వేసుకుని గట్టిగా చప్పుడయ్యేలా గుటక వేశాడు. ఆమె కదల్లేదు.

"బుగ్గ ఉబ్బించు నాన్నా."

ముప్పై ఏళ్లుగా కత్తి పట్టుకుని ఊరందరితో తాను అన్న మాటే. ఉబ్బించాడు.

"అటువైపుది" అంది.