అణియంలో తలుపు

పంజాగుట్టలో కొత్తగా పెడుతున్న చేపల హోటలు ముందు నిలబెట్టిన చెక్క బోటును అచ్యుతరావు చూడగానే గుర్తుపట్టాడు. పేరు మీద నీలం రంగు పూసేశారు. అయినా దాని ముందు కొస, రేవులో అణియం అంటారు, కాస్త ఎడమకు ఒరిగి ఉంటుంది. కట్టిన మేస్త్రీకి మెల్లకన్నని కళాసీలు నవ్వుకునేవారు. అది ఆయన బోటే.

భార్య ఛాయాదేవి పోయాక, ఎవరో కలప కోసం అడిగితే దాన్ని అమ్మేశాడు; ఈపాటికి పలకలుగా విప్పేసి ఉంటారనుకున్నాడు. కడసారి చూడ్డానికైనా కాకినాడ రేవుకు వెళ్లలేదు. అమీర్‌పేటలో కూతురు హరిణి దగ్గరికి వచ్చేశాడు. అప్పట్నుంచి దేనికీ ఏమీ అనిపించదు. పొద్దున్నే కంప్యూటర్ కోర్సుల బోర్డుల కింద, బ్యాగులు తగిలించుకున్న పిల్లల మధ్య నడుస్తాడు. ఎవరో ఒకరు పక్కకు జరిగి దారిస్తారు. అదొక్కటీ గమనిస్తాడు.

ఆ బోటు తీరిగ్గా ఉన్నది తక్కువ. ఐసు, డీజిలు, బియ్యం ఎక్కించుకుని వెళితే వారం పైనే సముద్రంలో ఉండేది. రావడం, రొయ్యలు దించడం, వలలు బాగుచేసుకోవడం, మళ్లీ వెళ్లడం. వేసవిలో వేట ఆపినప్పుడు ఒడ్డుకు లాగి, పలకల సందుల్లో పత్తి కూరి, గుగ్గిలం నూనె పట్టించేవారు. మళ్లీ వేట మొదలుపెట్టే రోజు ఛాయాదేవి వచ్చి అణియానికి పసుపు రాసి కుంకుమ పెట్టేది. ఆవిడ చెయ్యి తీసేదాకా ఇంజను వేసేవారు కాదు.

హోటలు మేనేజరు కేదార్ మర్యాదస్థుడు. అచ్యుతరావు తనకూ కాకినాడలో బోటుండేదని చెబితే, ఇందులో బల్లలు వేస్తామనీ, రోడ్డువైపు ఉంది కాబట్టి ముందు కొస కోసి తలుపు పెడతామనీ, రేపే వడ్రంగి వస్తాడనీ చెప్పాడు. అక్కడ కొయ్యొద్దని అందామనుకున్నాడు అచ్యుతరావు. కానీ బాగుందండీ అని వచ్చేశాడు. ఆ పూట హరిణి వడ్డించినది తిన్నాడు గానీ, ఏం తిన్నాడో తెలియలేదు.

మర్నాడు వెళ్లేసరికి వడ్రంగి సారయ్య అణియం మీద సుద్దతో గీత గీసి, రంపానికి అడ్డం రాకుండా పెచ్చులు లేచిన రంగు గీకుతున్నాడు. గీకుతూ గీకుతూ ఆగిపోయి కేదార్‌ని పిలిచాడు.

"గీడ పసుపు పూసిండ్రు సార్. ఒక్కనాటిది కాదు. పగుళ్లల్ల ఇంకింది."

"పాత రంగేమోలే. కానియ్యి."

"రంగేదో పసుపేదో నాకు తెల్వదా? గిది గడప లెక్క. పసుపు వెట్టినకాడ నేను రంపం వెట్ట. ఎన్క దిక్కు కోస్త."

"కస్టమర్లు చుట్టూ తిరిగి రావాలా ఏంటి?"

"తిరగనియ్యిండ్రి. గుడి సుట్టు తిరుగుతలేరా?"

కేదార్ నవ్వాడు. నవ్వుతూనే అచ్యుతరావు వైపు తిరిగి, మీరేమంటారండీ అన్నాడు.

"ముందు కొయ్యకే పలకలన్నీ బిగించి ఉంటాయండీ," అన్నాడు అచ్యుతరావు. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. "అది కోస్తే విచ్చుకుపోతాయి. వెనక చదునుగా ఉంటుంది. అక్కడ కొయ్యండి."

కేదార్ యజమానికి ఫోన్ చేశాడు. అట్లాగే కానివ్వమన్నారట.

సారయ్య సామాను ఎత్తుకుని వెనక్కి నడుస్తూ గొంతు తగ్గించాడు. "ఎవలు వెట్టిండ్రు సార్, పసుపు?"

"మా ఆవిడ."

సారయ్య సుద్దముక్క ఆయన చేతికిచ్చి, ఎక్కడ కోయాలో గీయమన్నాడు. అచ్యుతరావు గీశాడు.

రంపం దిగగానే లోపల్నుంచి ఎండు రొయ్యల వాసన, డీజిలు వాసన గుప్పుమన్నాయి. కేదార్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఫినాయిల్ కోసం మనిషిని పంపాడు. ఇప్పుడు ఏడుపొస్తుందేమో అనుకున్నాడు అచ్యుతరావు. రాలేదు.

"జర పలక వట్టుండ్రి సార్," అన్నాడు సారయ్య, "తెగినంక కింద వడితే పగుల్తది."

ఆయన ముందుకు జరిగి, పలక తెగి బరువు చేతుల మీదికి వచ్చేదాకా పట్టుకునే ఉన్నాడు.