ట్రాన్స్‌ఫార్మర్ పక్క జాగా

నేను ఒక బుల్లి కారును. ఎంత బుల్లి అంటే, నా మొదటి యజమాని పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు నన్ను ఫంక్షన్ హాలు ముందు ఆపడానికి నామోషీపడి, రెండు వీధుల అవతల దాచి నడిచి వెళ్లేవాడు. ఉండటానికి మూడు గదులు చాలు గానీ కారు మాత్రం పెద్దది కావాలి మనుషులకు! చివరికి నన్ను ఆర్టీసీ కండక్టర్ నర్సింగరావుకు అమ్మేశాడు.

నర్సింగరావు నన్ను ముద్దుగా చూసుకున్నాడు. ఆర్నెల్లు తిరక్కుండానే ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది, కుడి చెయ్యి పడిపోయింది. అప్పుడు ఆయన భార్య సువర్ణ డ్రైవింగ్ నేర్చుకుంది.

వారానికి మూడు రోజులు నల్లకుంటలో ఒక ఇరుకు సందులో ఉన్న ఫిజియోథెరపీ సెంటరుకు వెళ్లేవాళ్లం. ఆయన నాలుగడుగులకు మించి నడవలేడు. సరిగ్గా గుమ్మం ఎదురుగా, ట్రాన్స్‌ఫార్మర్‌కూ బాలమణి ఇస్త్రీ బండికీ మధ్య కాస్త జాగా ఉంది. పెద్ద కార్లు వచ్చి, చూసి, ఉసూరుమంటూ పోయేవి. నాకు లోలోపల ఎంత గర్వమో! మేం వచ్చే రోజున బాలమణి అక్కడ బకెట్ పెట్టి ఉంచేది. రాగానే అది తీసి నా వెనక నిలబడేది.

"రానియ్ అక్కా, రానియ్... ఇంక రానియ్... ఆపు!" అంటూ నా వీపున చరిచేది.

ఆ చప్పుడు వినగానే నర్సింగరావు తల తిప్పుకునేవాడు. ఇరవై ఆరేళ్లు బస్టాండుల్లో బస్సుల వెనక నిలబడి ఆయన చేసిన పని అదే మరి. ఒళ్లో పెట్టిన కుడి చెయ్యి ఒళ్లోనే ఉండేది.

ఒక మంగళవారం బకెట్ ఉంది, బాలమణి లేదు. బట్టలివ్వడానికి వెళ్లినట్టుంది. సువర్ణ దిగి బకెట్ తీసింది, రివర్స్ గేరు వేసింది. మూడుసార్లు తప్పింది. వెనక ఆటోల హారన్లు.

"ఇగ నాతోని కాదు, ఇంటికి పోదం," అంది ఏడుపు గొంతుతో.

నర్సింగరావు తలుపు తీశాడు. ఎడమ చేత్తో నన్ను పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ వెనక్కు వచ్చాడు.

"అయ్యో, పడ్తరు! కూసోండ్రి!" అని సువర్ణ అరిచింది.

"రా... రా... నియ్," అన్నాడాయన.

తొమ్మిది నెలల తర్వాత వచ్చిన మాట. సువర్ణ కళ్లు తుడుచుకుని మళ్లీ గేరు వేసింది. నేను అంగుళం అంగుళం జరిగాను. వెనక ఉన్నది ఆయన కదా, అంత భయం నాకెప్పుడూ వేయలేదు.

"రా... నియ్."

అప్పుడు నా వీపున ఒక దెబ్బ పడింది. బాలమణి దెబ్బలో సగం కూడా లేదు. సువర్ణ బ్రేకు నొక్కి అద్దంలోకి చూసింది, చూస్తూ ఉండిపోయింది. ఆయన ఎడమ చెయ్యి ఇంకా నన్ను పట్టుకునే ఉంది.