మినప్పప్పు, పాత పేపర్లు, నేను

నేను ఒక గ్రైండర్ని. అట్లకూ ఇడ్లీలకూ పిండి రుబ్బే గ్రైండర్ని. ముందే చెబుతున్నాను, నాకు కోపం ఎక్కువ. నేను తిరగడం మొదలుపెడితే ఇంట్లో ఎవరి మాటా ఎవరికీ వినిపించదు. అది మోటారు చప్పుడు అనుకుంటారు. కాదు, నేను తిట్టే తిట్లు అవి. ఇన్నేళ్ళుగా తిడుతూనే ఉన్నాను, ఒక్కరికైనా అర్థమైతే ఒట్టు.

నేను పుట్టింది కోయంబత్తూరులో. నల్లరాయిని తొలిచి నాకు అడుగు చేశారు, మరో ముక్కను గుండ్రంగా చెక్కి పొత్రం చేశారు. ఉలితో గాట్లు పెడుతుంటే కలిగిన మంట ఇంకా చల్లారలేదు. అక్కణ్ణుంచి తెనాలి వచ్చి ఒక టిఫిన్ హోటల్లో చేరాను. దాని యజమాని కోటయ్య నన్ను పనిమంతుడిలాగే చూసుకున్నాడు. ఏటా దసరాకి బొట్టు పెట్టేవాడు, బెల్టు అరగకముందే మార్చేవాడు. హోటలు మూతపడ్డాక నన్ను పట్టాభి అనే ఆయన ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయనకు కాలవల ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. పేపరు చదవడం, అభిప్రాయాలు చెప్పడం అసలు వృత్తి.

నన్ను వంటింట్లో దించి, భార్య వకుళతో ఆయన అన్న మొదటి మాట నాకు బాగా గుర్తుంది. "ఇక నీకు బోలెడు టైం మిగులుతుంది చూడు" అన్నాడు. పెరట్లో ఉన్న రుబ్బురోలును ఆ రోజే పక్కకు నెట్టి, పొత్రాన్ని గోడవార పడేశారు. రోలు మీద స్నానాల బకెట్టు వెలిసింది. నా వల్ల మిగిలిన టైమేమో ఆయన ఖాతాలో పడింది. ఆయన చొక్కాల ఇస్త్రీ, ఆయన స్నేహితుల కాఫీలు, ఆయన చెల్లెలి పిల్లల పుట్టినరోజులు. మిగిల్చింది నేను, ఖర్చుపెట్టింది ఆయన. కోపం రాదా మరి?

వకుళ కొంచెం టైం దాచుకుంది. అత్తగారు సుభద్రమ్మకు పాత పేపర్లు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, ఆ గుజ్జుతో బుట్టలు చేయడం వచ్చు. పూర్వం ఆడవాళ్ళందరికీ వచ్చిన పనే. వకుళ అది నేర్చుకుంది. ఒకసారి బుట్ట చేయగా మిగిలిన ముద్దను ఊరికే వేళ్ళతో నొక్కుతూ కూర్చుంది. ముక్కొచ్చింది. ముక్కు వచ్చాక కళ్ళు రాకుండా ఎలా ఉంటాయి? సాయంత్రానికి ఒక మొహం తయారైంది. ఆ రోజు నుంచి ఆమె బుట్టలు చేయలేదు, మొహాలే చేసింది.

ఇక చూడండి మనుషుల న్యాయం. బుట్ట చేసినన్నాళ్ళూ ఆమె పొదుపరి. మొహం చేయగానే పిచ్చిదైంది. సుభద్రమ్మ అయితే, ఆ మొహాల్లో బియ్యం పోసుకుంటామా, పప్పు పోసుకుంటామా అని అడిగింది. వకుళ కూర మాడకుండా మంట తగ్గించి వచ్చి ఒక చెంప తీర్చేది. బట్టలు ఆరేసి వచ్చి రెండో చెంప. చేతులకు గుజ్జుంటే ఫోను మోచేత్తో నొక్కి మాట్లాడేది. మొహాలు బియ్యం డబ్బా మీద, కిటికీలో, టీవీ మీద ఆరుతూ ఇంటికొచ్చిన వాళ్ళను గుడ్లప్పగించి చూసేవి.

మొదట్లో నేనూ మండిపడ్డాను. అన్నం పెట్టే వస్తువుని, నా నోట్లో పేపర్లు కుక్కుతారా? వాటిలో పిన్నులు ఉండేవి. ఒక్కొక్కటీ నా రాతిని గీసుకుంటూ పోయేది. వకుళను కూడా తిట్టాను, దాచడమెందుకు. కానీ ఒక సంగతి మాత్రం కాదనలేకపోయాను. నేను రుబ్బిన పిండి మర్నాటికి ఉండదు. అట్టు తిన్నవాడు చెయ్యి కడుక్కుని పోతాడు, ఇంకొకటి వేడిగా కావాలంటాడు. నేను రుబ్బిన కాగితం మాత్రం కిటికీలో కూర్చుని నన్నే చూస్తుండేది. నా పుట్టుకలో నేను చేసినది ఏదైనా మిగలడం అదే మొదలు.

ఆ మొహాలు నాటకాల మస్తాన్‌రావు మాస్టారి కంటపడ్డాయి. ఆయన బృందం పరిషత్తు పోటీకి ఒక నాటకం సిద్ధం చేస్తోంది. అందులో అందరూ మొహాలు తగిలించుకునే ఆడాలట. అవి చేసి పెట్టమని వకుళను అడిగాడు. ఇంటి బయటి మనిషి ఆమెను కూర, కాఫీ కాకుండా వేరే ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఆమె ఒప్పుకుంది. పని ఆపకుండా, వంట ఆపకుండా అన్నీ చేసేసింది, ఒక్కటి తప్ప. అది ముసలమ్మ మొహం. నాటకమంతా ఆ ముసలమ్మ చుట్టూనే తిరుగుతుంది. ఆ మొహం లేకపోతే నాటకం లేదు. దాని కోసం నా చేత మెత్తగా గుజ్జు రుబ్బించి, గిన్నెలో పెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచింది. పై అరలో అట్లపిండి.

ఆదివారం పొద్దున, చేసిన మొహాలు నటులకు సరిపోతాయో లేదో చూడటానికి మాస్టారి ఇంటికి బయల్దేరుతూ, కింది గిన్నె ముట్టుకోవద్దని భర్తకు చెప్పింది. నేను విన్నాను. గోడలు విన్నాయి. పేపరు చదువుతున్న పట్టాభి ఊఁ అన్నాడు కూడా.

ఆమె అటు వెళ్ళగానే ఆయన ఆఫీసరు ఇటు వచ్చాడు. సుభద్రమ్మ గుడికి పోయింది. భార్య లేకపోతే ఈ ఇంట్లో టిఫిన్ ఉండదా అన్న పౌరుషం పొడుచుకొచ్చి, పట్టాభి ఫ్రిజ్ తెరిచాడు. వంగితే అందేది కింది గిన్నె, అది లాగాడు. బూడిద రంగు, అక్కడక్కడా నల్లటి మరకలు, గుప్పుమని మెంతుల వాసన. పొట్టుపప్పుతో రుబ్బిన పిండి అనుకున్నాడు. తన పేపరునే తాను పెనం మీద పోశాడు. అది లేవదే! అట్లకాడతో గీకి గీకి, ఆ ముక్కలనే ప్లేటులో పెట్టి కారప్పొడితో సహా ఆఫీసరు ముందుంచాడు. ఆ పెద్దమనిషి నమిలాడు. చాలాసేపు నమిలాడు. మెంతులు బాగా పట్టాయండీ అని, మంచినీళ్ళు అడిగి, పని గుర్తొచ్చి వెళ్ళిపోయాడు.

పిండికీ కాగితానికీ తేడా తెలియని మనిషి, తెలియనందుకు సిగ్గుపడొచ్చు. ఆఫీసరు వెళ్ళాక తానూ ఒక ముక్క నమిలి చూసి, ఈయన కోపం తెచ్చుకున్నాడు. మిగిలిన గుజ్జంతా పెరట్లో కుమ్మరించి నీళ్ళు కొట్టాడు. వకుళ వచ్చేసరికి అది కాలవలో పోతోంది.

"కింది గిన్నె ముట్టుకోవద్దని చెప్పాను కదండీ" అంది ఆమె.

"ఎప్పుడు చెప్పావ్?" అన్నాడు ఆయన.

ఆ ప్రశ్నకు నా ఒళ్ళు మండిపోయింది. ఆ క్షణాన ఎవరైనా నా స్విచ్చు వేసి ఉంటే ఇల్లు అదిరేది. ఎవరూ వేయలేదు. వంటింటి సామాను వంటకే ఉండాలని, తాను కొనిచ్చింది ఇందుకా అని తీర్పు చెప్పి, పక్కింటాయనను సాయం పిలిచి, నన్ను అటక మీదకు ఎక్కించాడు. చీకట్లో, పాత సూట్‌కేసుల మధ్య, బూజులో కూర్చున్నాను.

పరిషత్తుకు వారం కూడా లేదు. వకుళ ఏడుస్తుందనుకున్నాను. పెరట్లో బకెట్టు దించిన చప్పుడైంది. తర్వాత రాయి మీద రాయి దొర్లిన చప్పుడు. రుబ్బురోలు! నాకు అసూయ, దాన్ని మించిన కోపం. చేత్తో కాగితం రుబ్బడమంటే మాటలు కాదు, భుజాలు ఊడొస్తాయి. గంట గడిచాక సుభద్రమ్మ గొంతు వినిపించింది.

"ఏందమ్మాయ్ ఆ రుబ్బటం? నీళ్ళెక్కువైనయ్, మెంతులు చాల్లేదు. జరుగు. నువ్వు తిప్పు, నేను తోస్తా."

కోడలి మీద ప్రేమో, గుజ్జు పాడవుతుందన్న బాధో నేను చెప్పలేను. ఆ రోజు ఇక ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. పట్టాభి చద్దన్నంలో పెరుగు తానే కలుపుకుని, పేపరు అడ్డం పెట్టుకుని తిన్నాడు. ముసలమ్మ బుగ్గలు ఇంకా లోపలికి పోవాలని సుభద్రమ్మ తన బుగ్గలు తానే నొక్కి చూపించిందట. మొహం ఫ్యాను కింద ఆరింది, రంగు పడింది, సమయానికి వెళ్ళింది.

ఆ మొహాలకు బహుమతి వచ్చింది. ఆ కథ సుభద్రమ్మ పక్కింటావిడకు చెబుతుంటే అటక మీద విన్నాను. వకుళ పేరు పిలిస్తే, ఆమె లేచేలోపే పట్టాభి వేదిక ఎక్కేశాడట. షీల్డు తానే అందుకుని, ఇల్లాలిలోని కళను మొదట గుర్తించింది తానేనని మైకులో చెప్పాడట. బూజులో ఉన్న నాకు ఎంత మండిందంటే, తీగ తగిలించకుండానే తిరుగుతానేమో అనిపించింది.

మర్నాడు పొద్దున్నే పట్టాభే పక్కింటాయన సాయంతో నన్ను అటక దించాడు, తుడిచాడు కూడా. ఎందుకో కాసేపటికి తెలిసింది. మస్తాన్‌రావు మాస్టారూ, ఆఫీసరూ, ఇంకొందరూ అభినందించడానికి వచ్చారు. పట్టాభి నా మీద చెయ్యి వేసి, అంతా ఈ గ్రైండరుతోనే మొదలైందండీ, వకుళకు టైం మిగలాలని నేనే కొనిచ్చాను అంటున్నాడు. నా మీద చెయ్యి! తర్వాత వంటింట్లోకి తిరిగి, అందరికీ వేడిగా అట్లు వేయమన్నాడు.

వకుళ పెద్ద గిన్నె రెండు చేతులతో పట్టుకుని బయటికి వచ్చింది.

"పప్పు నానబెట్టలేదండీ. కాగితం నానబెట్టాను."

అందరి ముందూ అంది, మెల్లగానే అంది. నానిన పేపర్లు నా నోట్లో వేసింది. ఈసారి ఒక్క పిన్ను కూడా లేదు, అన్నీ ఏరేసింది. సుభద్రమ్మ లేచి వెళ్ళి మెంతుల గిన్నె తెచ్చి పక్కన పెట్టింది. పట్టాభి నవ్వేసి, నేనే గనక ప్రోత్సహించకపోతే అని అతిథుల వైపు తిరిగాడు.

వకుళ నా స్విచ్చు వేసింది.

ఇన్నేళ్ళ తిట్లూ ఒక్కసారిగా తిట్టాను. ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆఫీసరు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఏమన్నారూ అని సైగ చేశాడు. పట్టాభి మళ్ళీ చెప్పాడు. వినబడలేదు. మళ్ళీ చెప్పాడు. గుజ్జు మెత్తగా అయ్యేదాకా వకుళ నన్ను ఆపలేదు.