వేడి తెలిసిన వేళ్ళు

మొఘల్‌పురా సందులో సామ్యూల్ రేకుల షెడ్డు పెట్టి పుష్కరం దాటింది. అక్కడ తయారయ్యే సరుకు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. పెన్ను లావున, జానెడు పొడవున రాగి గొట్టాలు. హీట్ పైపులంటారు. ఆసుపత్రి మిషన్లు చేసే ఒక కంపెనీ, మిషన్ కడుపులోని వేడిని బయటికి లాగడానికి వాటిని కొంటుంది. గొట్టం లోపలి గోడకు రాగి పొడిని కాల్చి అంటిస్తారు, అదే వత్తి. కాసిన్ని నీళ్ళు పోసి, లోపలి గాలంతా లాగేసి, మూతి నొక్కి అతికేస్తారు. ఒక కొసకు వేడి తగిలిందా, నీళ్ళు ఆవిరై రెండో కొసకు పరుగెత్తి, అక్కడ వేడిని వదిలేసి మళ్ళీ నీళ్ళవుతాయి. దీపం వత్తి నూనె పీల్చినట్టు ఆ రాగి వత్తి వాటిని వెనక్కి పీల్చుకుంటుంది. మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు.

మనిషి కావలసింది ఒక్కందుకే, పైపు బతికుందో చచ్చిందో చెప్పడానికి. ఆ మనిషి బాబురావు. సలసల కాగే నీళ్ళ తొట్టిలో ఒక కొస ముంచి రెండో కొసను వేళ్ళతో పట్టుకుంటాడు. బతికున్న పైపైతే రెప్ప వేసేలోగా చురుక్కుమంటుంది. చచ్చినదైతే ఎంతసేపు పట్టుకున్నా ఉలుకూ పలుకూ ఉండదు. మీటరు లేక కాదు, ఉంది. దాంతో చూడాలంటే పొద్దు గూకుతుందని అల్మారాలో పడేశారు. కంపెనీవాళ్ళు వచ్చినప్పుడల్లా బాబురావు వేళ్ళే మా మీటరు అని సామ్యూల్ గొప్పలు పోయేవాడు.

పైపుల్లో నీళ్ళు పోసి మూతి అతికే పని కళావతిది. ఆమె మొగుడు ఇదే షెడ్డులో కొలిమి దగ్గర పనిచేసి జ్వరంతో పోయాడు. దినాలు కాగానే బాబురావు బార్కస్‌లో వాళ్ళ గదికి వెళ్ళి, ఏడ్చింది చాలు పనికి రమ్మని వెంటబెట్టుకొచ్చాడు. పైపు పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ నేర్పాడు. చుట్టం కాకపోయినా కాకా అని పిలిచేది. అన్నం పెట్టిన చెయ్యి ఎవరిదంటే ఆమె బాబురావు చెయ్యే చూపిస్తుంది.

అలాంటి చెయ్యి ఆమె చేసిన పైపుల్ని ఒక్కొక్కటే పక్కన పడేయడం మొదలుపెట్టింది. మొదట రోజుకు నాలుగైదు, తర్వాత సగం ట్రే, ఆ తర్వాత నిండా ట్రే. "సచ్చింది" అనడం, విసిరేయడం. సామ్యూల్ రాగి పొడి మార్చాడు, కొలిమి బాగుచేయించాడు, లాభం లేకపోయింది. మిగిలింది కళావతి. సరుకు అందక కంపెనీవాళ్ళు కస్సుమంటుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? శనివారం నుంచి ఇంకో మనిషిని పెట్టుకుంటానని, అప్పటిదాకా చచ్చిన పైపుల్ని ముక్కలు కోసి పాత రాగిలో వేయమని చెప్పాడు. కళావతి ఇంట్లో కూతురు ప్రీతి, ఆమె తప్ప మూడో మనిషి లేరు. ఎక్కడ తప్పు చేశానా అని రాత్రీ పగలూ కుమిలిపోయింది.

గురువారం కత్తెర పట్టుకుని కూర్చుంది. మొదటి పైపు మూతి కత్తిరించగానే సుయ్‌మని చిన్న చప్పుడైంది. రెండోదీ అంతే. అతుకు వదిలి చచ్చిన పైపులోకి గాలి ఎప్పుడో చేరిపోతుంది, దాన్ని కోస్తే చప్పుడు రాదు. ఇవన్నీ కోసిన క్షణాన గాలి పీలుస్తున్నాయి. సరే, అతుకు గట్టిదే, నీళ్ళేమైనా తక్కువయ్యాయా అనుకుని, కోయని పైపొకటి తీసి తొట్టిలో ముంచింది. వేళ్ళు చుర్రుమని కాలాయి. ఇంకోటి ముంచింది. అదీ కాలింది. దేవుడా, అన్నీ బతికున్నవే!

అప్పుడు ఆమెకు ఒకటొకటే గుర్తొచ్చాయి. బాబురావు వేళ్ళ మీద బొబ్బలు. మిరపకాయ బజ్జీలు వేస్తుంటే నూనె చిందిందని చెప్పాడు. ఆ మధ్య సందులో ఒక చెప్పు జారిపోతే తెలియకుండానే షెడ్డుదాకా వచ్చాడు, అందరూ ఆటపట్టించారు. షుగరు ఎన్నాళ్ళ నుంచో ఉంది. కాళ్ళలో స్పర్శను తినేసి చేతుల దాకా వచ్చిందన్నమాట. చెబితే ఆయన బతుకు పోతుంది, చెప్పకపోతే తనది పోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అని ఊరికే అన్నారా?

అందరూ చాయ్‌కి బయటికి వెళ్ళినప్పుడు ఒక పైపు ముంచి, రెండో కొస బాబురావుకు పట్టించింది. ఆయన కాసేపు పట్టుకుని, అలవాటుగా సచ్చిందన్నాడు. వేళ్ళ కొసలు ఎర్రగా కందిపోతున్నాయి. ఆమె ఆయన చెయ్యి లాగేసింది. ఇద్దరూ ఆ వేళ్ళనే చూశారు.

"రెండు నెలల సంది నాకు అనుమానమే బిడ్డా," అన్నాడు బాబురావు చివరికి. "నీ పైపులే ఖరాబైతున్నయనుకున్న. గట్ల అనుకుంటెనే నిద్ర పట్టింది."

తర్వాత ఆయన బతిమాలాడు. ఆ పెద్దమనిషి బతిమాలడం ఎన్నడూ చూడలేదామె. తనకు ఈ వయసులో ఎవరు పని ఇస్తారన్నాడు, ఆమెది చిన్న వయసు, మలక్‌పేటలో తెలిసినవాళ్ళతో చెప్పి ఇంకో పని చూపిస్తానన్నాడు. కళావతికి కోపం వచ్చింది, జాలీ వచ్చింది, ఏది ఎక్కువో ఆమెకే తెలియలేదు. నా బిడ్డకు ఏం చెప్పాలి కాకా అని అడిగింది.

శనివారం సామ్యూల్ ఆమెను తొట్టి దగ్గరికి పిలిచాడు. మనసులో ఏమీ పెట్టుకోవద్దని, వ్యాపారం వ్యాపారమేనని నీళ్ళు నములుతూ చెప్పాడు. కళావతి బాబురావు వైపు చూసింది. ఆయన తలొంచుకుని ఉన్నాడు. చెప్పేద్దామని నోరు తెరిచి, మానుకుంది. కొంగు సర్దుకుని గుమ్మం వైపు నడిచింది.

"జర ఆగు బిడ్డా," అన్నాడు బాబురావు.

ఆయన చచ్చిన పైపుల ట్రేలోంచి ఒక పైపు తీసి తొట్టిలో నిలబెట్టాడు. పై కొస పట్టుకోమని సామ్యూల్‌కి చెప్పాడు. సామ్యూల్ పట్టుకున్నాడో లేదో అబ్బా అంటూ చెయ్యి విదిలించాడు. అదే కొసను బాబురావు గుప్పిట బిగించి పట్టుకున్నాడు. పట్టుకుని సామ్యూల్ మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"నాకేం తెలుస్తలేదు సార్," అన్నాడు. "ఆమె పైపులన్నీ మంచియే."

ముందుగా తేరుకున్నది కళావతి. పరుగున వచ్చి ఆ గుప్పిట విప్పి పైపు విడిపించింది. అరచేతి నడుమ చర్మం తెల్లబడి ఉబ్బుతోంది. సామ్యూల్ మాటలు తడుముకుంటూ, నువ్వెక్కడికీ పోవద్దు కళావతీ అన్నాడు. ఎవరో అల్మారా తెరిచి మీటరు బయటికి తీస్తున్నారు.

ఆమె బాబురావును మూలనున్న నల్లా దగ్గరికి తీసుకెళ్ళి, తిప్పి, ధార కింద ఆ చెయ్యి పట్టింది. ఏడుపు ఆగలేదామెకు, ఆపుకోవాలనీ చూడలేదు. ఆయన మాత్రం నీళ్ళు జారిపోతున్న తన చేతిని పరాయివాళ్ళ చేతిని చూసినట్టు చూశాడు.

"నీళ్ళు సల్లగున్నయా బిడ్డా?" అని అడిగాడు.