మైకు చెప్పిన ధర

ఆ వీధిలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ అతను మైకు. బట్టల కొట్టులో తగ్గింపు ధరలైనా, తప్పిపోయిన పిల్లాడి ఆనవాళ్ళైనా, రేపు కుళాయిలో నీళ్ళు రావన్న కబురైనా, ఆటో మీద కట్టిన స్పీకర్లోంచి వచ్చేది అతని గొంతే. మనిషి మాత్రం గట్టిగా గాలొస్తే ఎగిరిపోయేలా ఉంటాడు. ఎదురుగా నిలబడి మాట్లాడితే సగం మాటలు వినపడవు. మైకు ముందు కూర్చోగానే అంత గొంతు ఎక్కణ్ణుంచి ఊడిపడుతుందో కన్నతల్లికే అంతుపట్టలేదు.

ఆ కన్నతల్లికి కొడుకు గొంతంటే ఇంతా అంతా పిచ్చి కాదు. ఆటో వీధి మలుపు తిరిగితే చాలు, పొయ్యి మీద పాలున్నా వదిలేసి గుమ్మంలోకి వచ్చేది. చెప్పులు కొనే పని లేకపోయినా చెప్పుల కొట్టు ప్రకటన చివరిదాకా వినేది. "వాడు చెప్తే నమ్మబుద్ధేస్తుందే" అని పక్కింటావిడతో మురిసిపోయేది. పాలు పొంగిపోయాయని కోడలు విసుక్కుంటే, "పోతే పోయాయిలే, పాలేగా" అని నవ్వేసేది. పాల గురించి అలా నవ్వగలిగిన రోజులు అవి.

తర్వాత ఒక్కొక్కటే కొండెక్కి కూర్చోవడం మొదలుపెట్టాయి. నూనె, గ్యాసు బండ, ఇంటద్దె. సబ్బు ధర పెంచితే జనం తిడతారని కంపెనీవాళ్ళు బిళ్ళనే చిన్నది చేశారు, జనానికేదో కళ్ళు లేనట్టు. కొనేవాళ్ళు తగ్గేసరికి కొట్లవాళ్ళకి ప్రకటనలు దండగ ఖర్చనిపించాయి. మైకుకి పని సన్నగిల్లింది. లాండ్రీలో ఇస్త్రీ చేసే అతని భార్య బస్సు మానేసి నడవడం మొదలుపెట్టింది. అడిగితే "నడక ఒంటికి మంచిదట" అనేది. పొద్దస్తమానం నిలబడి ఇస్త్రీపెట్టె తోసే మనిషికి ఇంకా నడక కూడా కావాలన్నమాట! సాయంత్రం ఇంటికొచ్చి, గోడకి ఆనుకుని కూర్చుని పాదాలు ఒత్తుకుంటుంటే అత్తగారు చూసేది. ఏమీ అనేది కాదు. వాగుడుకాయ లాంటి మనిషి నోరు కట్టేసుకుని కూర్చుంటే కారణమేమిటని ఆ ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు.

అంతలో దేశానికి ఎన్నికలొచ్చాయి. ఈసారి రెండు పార్టీలూ నువ్వా నేనా అన్నట్టున్నాయి. ఏ టీవీ పెట్టినా వెంట్రుకవాసి తేడా అంటున్నారు. పోటీ అంత బిగుసుకుంటే మిగతావాళ్ళకి ఏమొచ్చిందో గానీ, మైకుకి మాత్రం చేతినిండా పని వచ్చింది.

రికార్డింగు గది అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. సైకిల్ షాపు పైన ఇరుకు గది, బయటి చప్పుడు రాకుండా గోడలకి కొట్టిన పాత పరుపులు, మధ్యలో ఒక కుర్చీ. మొదటి పార్టీ మనిషి తెచ్చిన కాగితం మైకు పైకి చదివాడు.

"మందుల ధరల క్రమబద్ధీకరణ దిశగా చిత్తశుద్ధితో కృషి చేయగలమని..."

అక్కడ ఆగిపోయి, "ఇది నోరు తిరగదు సార్. ఇది విని ఏ ఇంట్లోంచీ ఒక్కరు కూడా బయటికి రారు" అన్నాడు.

"మరెలా చెప్తే వస్తారంటావు?"

మైకు కళ్ళు మూసుకున్నాడు. ఇంట్లో కిటికీలో ఉండే తల్లి మందుల డబ్బా గుర్తొచ్చింది. ఆవిడకి పొద్దున్నే రెండు మాత్రలు. ఒకటి చవకది, రెండోది ఖరీదైన బీపీది. ఆ రెండోది కొన్న ప్రతిసారీ షాపులోంచి బయటికొచ్చి మొహం మాడ్చుకుని నిలబడేది. ఏ మాటైతే ఆవిడ మొహం విప్పారుతుందో ఆ మాటే అతని నోట్లోంచి వచ్చింది.

"ఓట్లు కానివ్వండి... మీరు మింగే మాత్ర, సగం ధరకే!"

పార్టీ మనిషి తొడ చరిచాడు. ఆ మాట కాగితంలో లేదు, పార్టీలో పెద్దలెవరూ అనలేదు. "అనమంటే అంటార్లేవయ్యా, ముందు నువ్వు అను" అన్నాడాయన. మైకు అన్నాడు. మాటకీ మాటకీ మధ్య ఎంతసేపు ఆగాలో తెలిసినవాడు కనుక చాలా బాగా అన్నాడు. పని బాగా కుదిరిందన్న సంతోషంలో అన్న మాట సంగతి ఆలోచించలేదు.

వారం తిరక్కుండానే రెండో పార్టీ మనిషి మెట్లెక్కి వచ్చాడు. "ఆ మాత్ర ముక్క మాకూ కావాలి" అన్నాడు.

"అదే మాట ఎలాగండీ? రెండు బళ్ళూ తిరిగేది ఒకే వీధిలో."

"అందుకే కావాలి. మేం చెప్పకపోతే మాకు చేతకాదనుకోరూ?"

న్యాయమే మరి. మైకు అదే మాట మళ్ళీ చెప్పాడు. పొద్దున ఒక బండి, సాయంత్రం ఇంకో బండి, ఒకటే గొంతు.

జనం వింటూ ఊరుకున్నారని కాదు. వాళ్ళ ఒళ్ళూ మండుతోంది. కిరాణా కొట్టు ముందు ఒక పెద్దాయన బండికి అడ్డం నిలబడి, "ఒరేయ్, దిగిరా! దిగొచ్చి ఒక్కసారి ఈ పంచదార కొని చూడు" అని స్పీకరుని పట్టుకుని తిట్టాడు. ఇంకో ఇల్లాలు అంట్లు కడిగిన నీళ్ళు బండి మీద గుమ్మరించింది. డ్రైవరు నిలువునా తడిసిపోయాడు, పైన గొంతు మాత్రం సగం ధర, సగం ధర అంటూనే ఉంది. ఆ ఇల్లాలి మీదికి మైకు తల్లి కొంగు దోపుకుని వెళ్ళింది. "మావాడి గొంతు మీద ఎంగిలి నీళ్ళు పోస్తావుటే?" అని ఆవిడ వేసిన రంకెలకి వీధంతా నవ్వుకుంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మైకు భార్య ఆ నవ్వులో కలవలేదు.

"పొద్దున వీళ్ళని దేవుళ్ళంటారు, సాయంత్రం వాళ్ళని దేవుళ్ళంటారు. కనీసం గొంతైనా మార్చి చెప్పకూడదుటండీ?"

"గొంతు మారిస్తే డబ్బులివ్వరు."

"ఈసారి నేను ఓటెయ్యను. నడిచి నడిచి కాళ్ళు పీక్కుపోతున్నాయి. మళ్ళీ ఆ క్యూలో ఒకటా? క్రితంసారి వేశాను కదా, ఏం ఒరిగింది?"

"నేను వేస్తానమ్మాయ్" అంది అత్తగారు. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్, ఆ మాత్రల సంగతి నిజమేనట్రా?"

మైకు రోజంతా అరిచి వచ్చాడు, ఆకలి మీద ఉన్నాడు. తల ఎత్తకుండానే, "రెండు పార్టీలూ అదే అంటున్నాయి కదమ్మా" అన్నాడు.

"అదే నేనూ అనుకుంటున్నా. ఒకళ్ళంటే అనుమానపడాలి గానీ, ఇద్దరూ అన్నాక ఎవరు గెలిస్తే నాకేం? ఎటూ తగ్గేదే!"

దానికి ముగ్గురూ నవ్వారు. కాదమ్మా, అది నా కల్పన అని చెప్పడానికి ఒక్క ముద్ద మింగినంతసేపు పట్టేది. చెప్పలేదు. తల్లి మాట వరసకి అంటోందనుకున్నాడు.

పోలింగు దగ్గర పడుతున్న రోజుల్లో ఒక పొద్దున్న ఆవిడ స్నానాల గది గుమ్మంలో పడిపోయింది. చెంబు దొర్లిన చప్పుడుకి కోడలు పరిగెత్తుకొచ్చింది. మూతి ఒక పక్కకి వంకరపోయి ఉంది. కుడి చెయ్యి పలకడం లేదు. ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తారు.

ఆసుపత్రి వరండాలో బెంచీలన్నీ నిండిపోయి ఉంటే మొగుడూ పెళ్ళాలు గోడవార నిలబడ్డారు. పైన టీవీలో ఎవరెవరో ఎవరు గెలుస్తారని కొట్టుకుంటున్నారు. డాక్టరమ్మ బయటికొచ్చి, "బీపీ మాత్ర ఎప్పుడు మానేశారు?" అంది.

"మానలేదండీ, రోజూ వేసుకుంటుంది" అన్నాడు మైకు.

"వేసుకునే మనిషికి ఇంత ఉండదు. ఇంటికెళ్ళి చూడండి."

వెళ్ళి చూస్తే కిటికీలో డబ్బా ఉంది. చవక మాత్రలు నిండుగా ఉన్నాయి. రెండో మాత్రది ఖాళీ అట్ట ఒకటి ఉంది, ఎన్నాళ్ళనాటిదో, దుమ్ము పట్టి. మైకు ఆ అట్ట పట్టుకునే మందుల షాపుకి వెళ్ళాడు, వెనకే భార్య కూడా.

షాపాయన విషయం విని కౌంటరు మీద చేతులు ఆనించాడు.

"పెద్దమ్మ వచ్చిందయ్యా. ఒక మందే ఇమ్మంది. రెండోది వద్దా అంటే, ఓట్లయ్యాక వస్తాలే, తగ్గబోయేదాన్ని ఇప్పుడు కొని నీకెందుకు దోచిపెట్టాలి అంది. తగ్గుతుందని ఎవరు చెప్పారంటే, మావాడు చెప్పాడుగా అంది. ఈలోపు మిగిలే డబ్బుతో కోడలికి బస్సు పాసు తీస్తానంది. హాస్యానికి అంటోందనుకుని నవ్వి ఊరుకున్నాను. నవ్వకుండా ఉండాల్సింది."

మైకు భార్య అక్కడే షాపు మెట్టు మీద కూలబడి, చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మైకుకి ఏడుపు కూడా రాలేదు. పార్టీ వాళ్ళని తిట్టుకుందామంటే ఆ వీలు కూడా లేదు. వాళ్ళు రాసిచ్చిన దాంట్లో అబద్ధాలు బోలెడున్నాయి గానీ ఇది లేదు. ఇది అచ్చంగా తన సొంతం. తల్లి మొహం తల్చుకుని మరీ అన్న మాట. జేబులో ఫోను మోగింది.

"మైకన్నా, మాత్ర దెబ్బకి జనం ఊగిపోతున్నారు. ఇలాంటిదే ఇంకోటి పడాలి. ఎప్పుడొస్తావు?" అంటున్నాడు మొదటి పార్టీ మనిషి.

రానన్నాడో ఏమన్నాడో అతనికే గుర్తు లేదు. ఫోను కట్టేశాడు.

ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచుకుని తల్లిని ఇంటికి పంపించారు. అక్కడున్నన్నాళ్ళూ మందు సూదుల్లోనే వెళ్ళింది. పంపించేటప్పుడు డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఈ మాత్ర ఒక్క పూట కూడా తప్పకూడదు, ఇంకోసారి పక్షవాతం వస్తే మనిషి దక్కదు అని. మైకు పూర్తి ధర పెట్టి అట్ట కొని తెచ్చాడు. భార్య అత్తగారిని దిండుకి ఆనించి కూర్చోబెట్టి మాత్ర నోటి దగ్గర పెట్టింది. ఆవిడ ఆ మాత్రని గుర్తుపట్టింది. పెదాలు బిగించేసింది.

"ఓట్లు... కానీ" అంది ముద్దమాటలతో.

"అత్తయ్యా, మీకు దండం పెడతాను, వేసుకోండి."

ఎడమ చేత్తో కోడలి చెయ్యి తోసేసింది. పొడి చేసి పాలల్లో కలిపి ఇస్తే, చేదు తెలిసి ఉమ్మేసింది. పాలు ఒలికిపోయాయి, మాత్ర పోయింది. కోడలు దుప్పటి తుడిచింది.

మైకు మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. తల్లి మంచి చేతిని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

"అమ్మా, అదంతా అబద్ధం. ఎవరూ ఏ ధరా తగ్గించరు. వాళ్ళు కూడా అనలేదమ్మా ఆ మాట. నేనే కల్పించి చెప్పాను. నువ్వు అడిగిన రోజు కూడా చెప్పకుండా ఊరుకున్నాను. నా మాట నమ్మకు. మాత్ర వేసుకో."

అది మైకులో వచ్చే గొంతు కాదు. ఎదురుగా ఉన్నవాళ్ళకే సగం వినపడే అసలు గొంతు. తల్లి చాలాసేపు కొడుకు మొహంలోకి చూసింది. తర్వాత చెయ్యి విడిపించుకుని అతని చెంప నిమిరింది.

"నాకోసం... అబద్ధం... ఆడుతున్నావు" అంది. "ఖరీదైనా... మింగాలని."

మళ్ళీ పెదాలు బిగించుకుంది. కొడుకు జన్మలో మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్తే, అది ఆవిడ చెవికి అబద్ధంలా వినపడింది.

భార్య అట్టలోంచి ఇంకో మాత్ర తీసింది. మొగుడి వైపు చూడకుండా, "చెప్పండి" అంది.

"ఏం చెప్పను?"

"ఆ గొంతుతో చెప్పండి. ఓట్లయిపోయాయని, ధర తగ్గిందని. మీరు ఉత్త గొంతుతో చెప్తే ఆవిడ వినరు."

"ఇంకా పోలింగే కాలేదు. మళ్ళీ అదే అబద్ధం చెప్పమంటావా?"

"చెప్పండీ!" అందామె. "రేపు వేరే దారేదైనా చూద్దాం. ఇవాళ్టికి చెప్పండి."

మైకు లేచి గుమ్మంలోకి వెళ్ళాడు. తల్లికి వీపు పెట్టి, గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. రాదనుకున్నాడు గానీ ఆ గొంతు వచ్చింది, నిండుగా, ఎక్కడా వణక్కుండా, వీధిలో పోతున్నవాళ్ళు కూడా తిరిగి చూసేలాగ.

"ఓట్లు అయిపోయాయి... మీరు మింగే మాత్ర, సగం ధరకే!"

లోపల తల్లి మొహంలో వంకరపోని సగం విప్పారింది. దిండు మీంచి ముందుకి వంగబోయింది.

"ఎవరు... గెలిచారు?" అని అడిగింది.

అతను వెనక్కి తిరగలేదు. పొద్దున వచ్చే బండి పేరు చెప్పాలా, సాయంత్రం వచ్చే బండి పేరు చెప్పాలా? ఎవరి పేరూ నోటికి రాలేదు.

"మీ అబ్బాయే గెలిచాడత్తయ్యా" అంది కోడలు.

"వాడేనా?" అని నవ్వి, ఆవిడ నోరు తెరిచింది. కోడలు మాత్ర నాలుక మీద పెట్టి నీళ్ళు పట్టింది. ఆవిడ గుటక వేసేదాకా మైకు గుమ్మం పట్టుకుని చప్పుడు రాకుండా ఏడుస్తూనే ఉన్నాడు.