నాకూ ఒక బొట్టు

నేను ఒక మైకును. పెళ్లిళ్లలో పాటలు పాడించే రకమనుకునేరు, నాకంత భోగం ఎక్కడిది! పుణేలో పుట్టి, రెండు ఫ్యాక్టరీలు మారి, చివరికి విజయనగరం దగ్గర తుక్కు ఇనుము కరిగించే కరెంటు ఫర్నేసు పక్కన గోడకు చేరాను. పగలూ రాత్రీ దాని మోత వినడమే నా పని.

ఇనుము మీదకు కరెంటు మెరుపు దూకినప్పుడు పుట్టే హోరుకు చెవులు చిల్లులు పడతాయి. కరిగిన ఇనుము మీద మడ్డి నురగలా పొంగి ఆ మెరుపును కప్పితే హోరు తగ్గుతుంది. కప్పకపోతే ఆ వేడి ఫర్నేసు గోడలను తినేస్తుంది. ఆ తేడా నేను విని, అద్దాల గదిలోని తెర మీదకు గీతగా పంపుతాను. గీత పైకి లేచిందంటే బొగ్గుపొడి కొట్టి నురగ పొంగించాలి. మనుషుల తమాషా చూడండి, తాము చెవుల్లో బిరడాలు పెట్టుకుని నన్ను మాత్రం వినమంటారు. ఇన్నేళ్లలో నన్ను పలకరించిన నాథుడు లేడు.

ఒక్క పైడిరాజు తప్ప. అతను ఫర్నేసు మేస్త్రీ. ఈ హోరులోనే జుట్టు నెరిసి, చెవులు దాదాపు పోయాయి. ఆ సంగతి బయటపడితే ఫర్నేసు దగ్గర ఉండనివ్వరు. అతనికా, ఇది తప్ప వేరే లోకం లేదు. అందుకే తెర మీద నా గీతను చూసి నెట్టుకొస్తున్నాడు. నా దుమ్ము తుడుస్తూ, "నువ్వున్నావు కాబట్టి సరిపోయింది గానీ, నేకపోతే నా బతుకు ఏటయ్యేదిరా" అనేవాడు.

ఆయుధపూజ వచ్చింది. ఫర్నేసుకు, క్రేనుకు, ఆఖరికి మంచినీళ్ల కూలరుకు కూడా బొట్లు పెట్టారు. నా వంక ఎవరూ చూడలేదు. పైడిరాజే నిచ్చెన ఎక్కి, నా ముఖమంతా పసుపు మెత్తి కుంకుమ పెట్టాడు. అబ్బ, ఎంత సంబరపడ్డానో!

మర్నాడు ఫర్నేసు వెలిగింది. వేడికి పసుపు నా ముఖం మీద పెంకు కట్టింది. హోరు నాకు సగమే వినపడింది, గీత కిందనే ఉండిపోయింది. నురగ బాగా పొంగిందనుకుని పైడిరాజు నిశ్చింతగా కూర్చున్నాడు.

"మేస్త్రీ! మోత చూడు, గోడ కాలిపోతంది!" అని పక్కనున్న హెల్పరు తవిటయ్య గొంతు చించుకున్నాడు. పైడిరాజు తల తిప్పలేదు. తవిటయ్యే పరుగెత్తి కరెంటు ఆపాడు. అప్పటికే గోడను చల్లబరిచే నీళ్ల గొట్టానికి చిల్లు పడింది. ఆ నీళ్లు కరిగిన ఇనుము కిందికి చేరితే బాంబులా పేలుతుంది. ఇంకాస్త ఆలస్యమైతే అక్కడ ఎవరూ మిగిలేవారు కాదు.

ఇంజనీరు వచ్చి, "ఈ మైకు పాడైంది, తీసి తుక్కులో పడేయండి" అన్నాడు. తవిటయ్య పైడిరాజు చెవిలో నోరు పెట్టి, "మైకు పోయిందంటన్నారు. ఊరుకో" అన్నాడు. ఊరుకుంటే చాలు, ఉద్యోగం నిలుస్తుంది.

పైడిరాజు నా వంక చూశాడు. "మైకుకి ఏటీ అవనేదు బాబూ. పసుపు పూసింది నేనే. మోత నాకు ఇనబడనేదు. నా చెవులు పోయి చానా కాలమైంది."

అతన్ని తోటపనికి మార్చారు. నన్ను కడిగి మళ్లీ ఇక్కడే బిగించారు. వెళ్లేరోజు ఫర్నేసు ఆపి ఉంది. పైడిరాజు నిచ్చెనెక్కి, "ఎల్లొస్తానురా, జాగర్త" అన్నాడు. అని, చెవి నా దగ్గరగా పెట్టి కాసేపు అలాగే ఉన్నాడు. అతని ఊపిరి కూడా వినిపించింది నాకు. వెళ్లొద్దనాలనిపించింది. నాకా నోరు లేదు. ఉన్నా అతనికి వినపడదు.