ఎండబెట్టిన సెల్లులు

పుంగనూరు బస్టాండు వెనక గంగాధరం టేప్‌రికార్డర్ల రిపేరు అంగడి పెట్టి ఏడాది కావొస్తోంది. వచ్చిన ప్రతిదానికీ మోటారే పోయి ఉండేది. వేసేందుకు మోటార్లు దొరక్క పనులన్నీ మూలన పడ్డాయి. చివరికి బెంగళూరు పోయి, పాత సామాన్ల సంతలో గోతాం నిండా మోటార్లు తెచ్చుకున్నాడు. అవి తిరిగితే అంగడి నిలుస్తుంది. లేదంటే మదనపల్లె టమాటా యార్డులో రామమూర్తి మండీకి గుమాస్తాగా పోవాలి. ఎందుకైనా మంచిదని, సోమవారం వస్తానని మాట కూడా ఇచ్చి పెట్టాడు.

ఆదివారం పొద్దున కరెంటు లేదు. గంగాధరం ఆగే రకమా? నాలుగు టార్చి సెల్లులు వరుసగా పేర్చి, సైకిలు ట్యూబు ముక్కతో బిగించి, రెండు కొసలకూ వైర్లు తగిలించాడు. మీటరు ముల్లు దాదాపు ఆరు ఓల్టుల దగ్గర నిలిచింది. ఇంకేం, ఒక్కో మోటారుకూ వైర్లు ఆనిస్తూ పోయాడు. ఒకటి మూలిగింది, ఒకటి వణికింది, మిగతావి ఉలకవు, పలకవు. సగం గోతాం అయ్యేసరికి అతనికి ఏడుపొచ్చింది.

"ఆ బెంగళూరోడు నన్ను నిలువునా ముంచినాడమ్మా" అన్నాడు, అన్నం క్యారియరు తెచ్చిన తల్లి బయ్యమ్మతో.

ఆమె మోటార్ల వైపు చూడనే లేదు. "ఆ సెల్లులు యాడివప్పా?"

"మన మిద్దె మింద ఉండాయి కదా, అవే."

"అయిపోయినాయని నేను ఎండకు పెట్టుకున్నేవి గదప్పా అవి. కడుపు మాడిన ఎద్దును కట్టి, బండి సెడిపోయిందంటాండావా?"

గంగాధరానికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఎండకు తేరుకున్న సెల్లు మీటరుకు బాగానే కనిపిస్తుంది, మోటారు లాగితే చతికిలబడుతుంది. పని నేర్చుకున్న మొదటి నెలలోనే తెలిసిన సంగతి. ఇంట్లో ఏళ్లుగా చూస్తున్న అలవాటు కూడా.

పక్కనే సైకిలు షాపు గంగులప్పకు పాత బుల్లెట్టు ఉంది. దాని ఆరు ఓల్టుల బ్యాటరీ అడిగి తెచ్చి, అవే వైర్లు దానికి తగిలించాడు. పక్కన పడేసిన మొదటి మోటారే జుయ్యిమని తిరిగింది. తర్వాతదీ తిరిగింది. నాలుగు తప్ప గోతామంతా తిరిగింది. బయ్యమ్మ కూర్చుని ఒక్కోదాన్నీ అందించింది. అన్నం మాట ఇద్దరూ మరిచిపోయారు.

సోమవారం చెప్పిన వేళకే యార్డుకు పోయాడు. మూడు నెలలుగా తన అంగట్లో పడి ఉన్న రామమూర్తి టేప్‌రికార్డరుకు మోటారు వేసి తెచ్చి, టమాటా బాక్సు మీద పెట్టి మీట నొక్కాడు. వేలంపాట కేకల మధ్య పాట మొదలైంది.

"ఇంగ నేను పనికి రాలేనప్పా. అంగట్లో పని శానా ఉండాది" అన్నాడు. ఆ మాట అంటుంటే అతనికి ఎంత హాయిగా ఉందో.

"రావద్దులే" అన్నాడు రామమూర్తి వాల్యూము పెంచుతూ. "నువ్వొచ్చి ఈడ కూసుంటే, మళ్లీ ఇది సెడిపోతే సూసేదెవురు?"